అర్తెమి కేకు, ప్రభువు బల్ల

విశాఖపట్నం,
8 జనవరి 2025

ఎస్తర్ అత్తకు,

నీ మేనకోడలు జెన్నీ ముద్దులతో రాస్తున్నది. ఉత్తరం చూడగానే ఎవరికేమైందోనని గుండె పట్టుకోకు, నాన్నా నేనూ ఇద్దరం బాగున్నాం. ఫోన్ చేస్తే మావయ్య ఎత్తుతాడు, ఎత్తి స్పీకర్ పెడతాడు, ఎగ్‌పఫ్‌ల కోసం బేకరీకి వచ్చినవాళ్ళంతా నా పెళ్ళెప్పుడని అడుగుతారు. అందుకే కాగితం పట్టుకున్నాను.

సంగతేమిటంటే, మా కాలేజీలో ఈ నెలాఖరుకి ఎగ్జిబిషన్ ఉంది. నా హిస్టరీ పిల్లలు 'పాతకాలం వాళ్ళు ఏం తిన్నారు' అని ఒక గది పెడుతున్నారు. ఎవరికి వాళ్ళు తేలికైనవి లాక్కుపోగా గ్రీకుల కేకులు నా నెత్తిన పడ్డాయి. రెండు వేల ఏళ్ళ కిందటివి, పండుగల్లో చేసుకునేవారు. ఒకటి గుండ్రంగా, పల్చగా ఉంటుంది. గోధుమపిండి, బార్లీపిండి, పన్నీరు, తేనె కలిపి కాల్చి, అంచు చుట్టూ చిన్న చిన్న దీపాలు గుచ్చుతారు. పేరు ఆంఫిఫోన్. రెండోది పిండిలో నువ్వులూ తేనె కలిపి లేడి ఆకారంలో చేసేది. గుడ్డు లేదు, పంచదార లేదు, బేకింగ్ పౌడర్ అసలే లేదు. కొలతలు ఎవరూ రాసిపెట్టలేదు, నీ చేతికే తెలియాలి.

ఇక్కడ రెండు పెద్ద బేకరీల్లో అడిగాను. ఒకాయన క్రీమ్ లేకుండా కేకేమిటి మేడమ్ అన్నాడు. నువ్వు తప్ప నాకు దిక్కు లేదత్తా. చేస్తావుగా?

నీ జెన్నీ

నర్సీపట్నం,
18 జనవరి 2025

జెన్నీ తల్లికి మీ అత్త దీవెనలు.

గుండె పట్టుకోవద్దని రాశావు, ఆ మాట దాకా చదివేలోపే పట్టుకున్నాను. ఈ రోజుల్లో పోస్ట్‌మన్ వచ్చి ఇంటిపేరుతో పిలిస్తే ఎవరైనా చెడ్డ కబురే అనుకుంటారు. మీ మావయ్యకి స్పీకర్ సంగతి చదివి వినిపించాను. 'మావయ్యనైనా నన్ను ఆడిపోసుకోకుండా ఒక్క ఉత్తరం రాయలేదేటే ఆ పిల్ల' అన్నాడు. తరవాత మళ్ళీ ఆ ముక్క చదివించుకుని నవ్వాడు.

నీ కేకులు మూడు రోజులుగా నా ప్రాణం తోడేస్తున్నాయి. బార్లీపిండి కావాలంటే కిరాణా గంగులు 'ఎవలికమ్మా ఒంట్లో బాగోనేదు' అన్నాడు. జావ కాయడానికి తప్ప ఇక్కడ ఎవరూ కొనరు. తేనె మాత్రం చింతపల్లి నుంచి కొండవాళ్ళు తెచ్చినది, నల్లగా, కొంచెం చేదు తగిలేది దొరికింది. మొదటి కేకు అప్పడంలా విరిగింది. రెండోది వేడిగా ఉండగానే కొవ్వొత్తులు గుచ్చాను, మైనమంతా కరిగి పన్నీరులోకి దిగిపోయింది. ఇప్పుడు అగ్గిపుల్లతో ముందే కన్నాలు పెట్టి, చల్లారాక గుచ్చుతున్నాను. లేడి కొమ్ములు ఓవెన్‌లో నిలవలేదు. మీ మావయ్య మేకపిల్ల అన్నాడు. ఇక జీడిపప్పు బద్దలు గుచ్చితే కాస్త లేడి కళ వచ్చింది.

విసుగొచ్చినప్పుడల్లా ఒకటే అనుకున్నాను. గ్రీకులంటే మన బైబిల్లోని కొరింథు, ఎఫెసు, ఫిలిప్పీ సంఘాల వాళ్ళేగా. పౌలు గారు ఊరూరా తిరిగి అలిసిపోయి వాళ్ళ అరుగు మీద కూర్చుంటే ఇలాంటి ముక్కే చేతిలో పెట్టి ఉంటారు. ఆ తలంపు రాగానే చేతులకి బలం వచ్చింది. నేను ప్రతి నెలా మొదటి శనివారం, మర్నాడు చర్చిలో ప్రభువు బల్ల దగ్గర అందరికీ విరిచి పంచే బల్ల రొట్టె చేస్తానా, అప్పుడు కూడా ఇలాగే ఉంటుంది. తలమీద ముసుగేసుకుని, ఎవరితోనూ మాటాడకుండా, విడిగా ఉంచిన పెనం తీసి, పిండి పిసికి, ఆ పెనంతోనే ఓవెన్‌లో పెడుతుంటే మీ మావయ్య కూడా వంటింటి గుమ్మం తొక్కడు. మా అత్తగారు పోతూ పోతూ నా చేతిలో పెట్టిన పని అది. నగలూ నట్రా ఏమీ ఇవ్వలేదు, ఆ రొట్టె ఇచ్చింది. నాకు అది చాలు.

ఈ ఉత్తరం నమూనా కేకు డబ్బాలోనే పెట్టి ఆర్టీసీ పార్సిల్‌లో వేస్తున్నాను. తిని, తీపి సరిపోకపోతే రాయి, లేకపోతే ఎగ్జిబిషన్‌కి ఇలాగే చేసి ఇంకో డబ్బా పంపుతాను. వచ్చే శనివారం మా స్త్రీల సమాజానికి కూడా ఒకటి చేసి పట్టుకెళ్తాను. ఒక్క మాట నువ్వు రాయలేదు. ఏ పండుగకి చేసేవారు, ఎవరి కోసం? మా పాస్టరమ్మ కరుణకుమారి ముందు అదే అడుగుతుంది.

మీ అత్త,
ఎస్తర్ రాణి

విశాఖపట్నం,
29 జనవరి 2025

బంగారు అత్తకు,

నువ్వు గెలిచావు! రెండో డబ్బా చెక్కుచెదరకుండా అందింది. ఎగ్జిబిషన్‌లో మిగతా బల్లల దగ్గర ఈగలు తోలుకున్నారు, మా బల్ల దగ్గర జనం. గదిలో లైట్లు ఆర్పించి నీ కేకు చుట్టూ దీపాలు వెలిగిస్తే పిల్లలు సెల్‌ఫోన్లు ఎత్తిపట్టుకుని నిలబడ్డారు. ప్రిన్సిపాల్ గారు లేడి తల తినేసి, కొమ్ము తనకే కావాలన్నారు. తేనెలో ఆ చేదు ఉంది చూశావూ, దాని వల్లే అంత బాగుందని అందరూ ఒకటే మాట.

పేపరాయన కూడా వచ్చాడు. ఎవరు చేశారని అడిగితే నీ పేరు, మన ఊరు, బేకరీ గుర్తులతో సహా చెప్పాను. ఫోటో వేస్తానన్నాడు. మావయ్యని జిల్లా పేజీ చూస్తూ ఉండమను. నా పేరు లేకపోయినా పరవాలేదు, నీ పేరు మాత్రం తప్పు రాయవద్దని రెండుసార్లు చెప్పాను.

ఎవరి కోసం చేసేవారని అడిగావు. అదంతా పెద్ద కథ, వచ్చినప్పుడు తీరిగ్గా చెప్తాను. మీ స్త్రీల సమాజంలో ఏమన్నారు? కరుణకుమారి గారికి నచ్చిందా?

గర్వంతో ఉబ్బిపోయిన
నీ జెన్నీ

నర్సీపట్నం,
8 ఫిబ్రవరి 2025

జెన్నీకి అత్త రాయునది.

ఆ పెద్ద కథ నాకు ముందే చెప్పి ఉండాల్సింది తల్లీ.

స్త్రీల సమాజంలో అందరికీ నచ్చింది. ఎఫెసు సంఘపు ఆడవాళ్ళు చేసుకున్న కేకు అని నేనే లేచి చెప్పాను. అందరూ కళ్ళకద్దుకుని తిన్నారు. కరుణకుమారి రెండు ముక్కలు తింది, పాస్టరు గారికి ఒకటి కట్టుకెళ్ళింది. ఈ నెల మొదటి ఆదివారం బల్ల రొట్టె కూడా ఎప్పటిలా నేనే చేశాను. అది అయిన రెండు రోజులకి, మంగళవారం, బేకరీలో పొట్లాలు కట్టే పాత పేపర్లలో నువ్వు చెప్పిన కేకు ఫోటో బయటపడింది. మా సంఘపెద్ద జోసఫ్ రాజు గారు నీకు తెలుసుగా, హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యారు, అక్షరం వదలరు. ఆ వేళ బేకరీకి వచ్చి ఫోటో కింద రాసినది చదివారు. అర్తెమి దేవతకు గ్రీకులు పెట్టే నైవేద్యం, తయారుచేసినది నర్సీపట్నం ఎస్తర్ రాణి.

అర్తెమి ఎవరో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎఫెసులో ఆవిడ గుడి కోసమే గదా పౌలు గారి మీదికి ఊరు ఊరంతా లేచింది. సండే స్కూల్లో పిల్లలకి ఆ అల్లరి నేనే చెప్తాను. పక్కింటివాళ్ళు ప్రసాదం ఇస్తే వాళ్ళు నొచ్చుకోకుండా రెండు చేతులతో తీసుకుని, వాళ్ళు గడప దాటాక ఎవరికో ఇచ్చేసే మనుషులం మేము. అలాంటిది, నా చేత్తో చేసి, నా నోటితో గొప్ప చెప్పి, సంఘం చేత తినిపించాను.

జోసఫ్ రాజు గారు కోపంగా అనలేదు. కోపంగా అంటే తిరిగి నాలుగు అందును. కూర్చుని, నీళ్ళు తాగి, 'ఆ ఓవెన్లోనే గదమ్మా బల్ల రొట్టె కూడా కాలుతున్నాది' అన్నారు. తెలీక చేశానండీ అన్నాను. ఆ మాటే కమిటీలో చెప్పమన్నారు. ఇరవై మూడో తారీకు ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటుంది.

ఇది చాలదన్నట్టు మాకవరపాలెం అచ్చియమ్మ వచ్చింది, మనకి జీడిపప్పు వేసే ఆవిడ. పేపరు చూసిందట. 'ఎస్తరమ్మా, మా అమ్మోరి పండక్కి కూడా ఆ సుట్టూ దీపాల కేకు ఒకటి సెయ్యండి, గుడ్డు ఎలాగూ ఎయ్యరంట గదా' అంది. పాపం ప్రేమగానే అడిగింది. సరిగ్గా అప్పుడే కరుణకుమారి బ్రెడ్డు కోసం గుమ్మంలో నిలబడి ఉంది. అచ్చియమ్మకి ఏం జవాబు చెప్పానో నాకే గుర్తులేదు. కరుణకుమారి బ్రెడ్డు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

తిండి సయించడం లేదు. ఓవెన్ తలుపు తీసి లోపలంతా గోకి, సోడా వేసి కడిగాను. కడిగితే పోయేదో కాదో నాకు తెలియదు. ఒక్కటి చెప్పు. నీకు ముందే తెలుసా?

ఎస్తర్ అత్త

విశాఖపట్నం,
13 ఫిబ్రవరి 2025

అత్తా,

నీ ఉత్తరం బస్‌స్టాప్‌లో చదివాను, రెండు బస్సులు వదిలేశాను. నా వల్ల నీకు ఇంత బాధ వస్తుందని కలలో కూడా అనుకోలేదు. క్షమించు.

కానీ కాస్త స్థిమితంగా ఆలోచించు. అర్తెమికి ఇప్పుడు గుడీ లేదు, పూజారీ లేడు, కొలిచేవాడు ఒక్కడూ లేడు. నీ కేకుని మేమెవరికీ అర్పించలేదు, ప్రిన్సిపాల్ గారికి పెట్టాం. ఇంకో సంగతి విను. ఆ లేడి కేకు ఉంది చూశావూ, జంతువుని కొని బలివ్వలేని పేదవాళ్ళు పిండితో జంతువుని చేసి తీసుకెళ్ళేవారట. మన పాత నిబంధనలో కూడా గొర్రె తేలేనివాడు గువ్వల్ని, అదీ లేనివాడు పిడికెడు పిండిని తెచ్చుకోవచ్చు కదా. ఎక్కడైనా పేదవాడి చేతికి దొరికేది పిండే. నాకు అందుకే ఆ కేకులంటే ఇష్టం కలిగింది.

బేకరీకి చెడ్డపేరు వస్తుందని భయపడకు. అచ్చియమ్మ గారి లాంటివాళ్ళు ఇంకా వస్తారు, చేసివ్వు, తప్పేముంది? మనుషులు నాలుగు రోజులు మాట్లాడుకుని మరిచిపోతారు. కమిటీ గురించి కూడా దిగులు పెట్టుకోకు, పాస్టరు గారికి నేనే వివరంగా ఉత్తరం రాసి పోస్టు చేశాను. మా అత్త అమాయకురాలు కాదు, చదువుకున్న మనిషి, అది ఏ దేవత కేకో అన్నీ తెలిసే విశాల హృదయంతో చేసింది, చరిత్రకీ విశ్వాసానికీ తేడా ఆమెకి తెలుసు, ఆమెని చూసి సంఘం గర్వపడాలి అని రాశాను. నిన్ను ఎవరైనా తెలివితక్కువదానిలా చూస్తే నేను ఊరుకుంటానా?

నువ్వు అన్నం తిను. మావయ్యని దగ్గర కూర్చోబెట్టుకుని తిను.

నీ జెన్నీ

నర్సీపట్నం,
24 ఫిబ్రవరి 2025

జెన్నీకి,

నిన్న కమిటీ అయింది. ముందు నన్ను మాట్లాడమన్నారు. నాకు తెలియదండీ, తెలిస్తే పిండి ముట్టుకునేదాన్ని కాదండీ అని చెప్పాను. కన్నీళ్ళు పెట్టుకోకుండా చెప్పాను. జోసఫ్ రాజు గారు తల ఊపారు. నా మీద నమ్మకం కుదిరిందనే అనుకున్నాను.

అప్పుడు పాస్టరు గారు జేబులోంచి నీ ఉత్తరం తీశారు. చదవడం ఆయనకీ ఇష్టం లేదు, ముఖం చూస్తే తెలిసింది. కమిటీ విషయమై వచ్చినదాన్ని దాచకూడదు గనుక చదివారు. అన్నీ తెలిసే చేసింది. ఆ ముక్క దగ్గర ఆయన గొంతు తగ్గిపోయింది. అందరూ నా వైపు చూసి మళ్ళీ నేల చూశారు. జోసఫ్ రాజు గారు ఒక్కటే అడిగారు, 'ఇందులో ఏది నిజమమ్మా?' అని. నీ ఉత్తరం అబద్ధమని చెప్తే నువ్వు అబద్ధికురాలివి. నిజమని చెప్తే నేను. నేను నోరు విప్పలేదు.

మార్చి రెండో తారీకు బల్ల రొట్టె పాస్టరమ్మ చేస్తుంది. తరవాత సంగతి తరవాత చూస్తామన్నారు.

నువ్వు బేకరీ గురించి రాశావు. బేకరీ మూతపడితే మీ మావయ్యా నేనూ ఇడ్లీలు వేసుకుని బతుకుతాం. నేను ఏడుస్తున్నది దానికి కాదని నీకెందుకు తెలియలేదో నాకు అర్థం కావడం లేదు. మీ నాన్న చేతుల్లో నుంచి నిన్ను మొదట ఎత్తుకున్నది నేను. ఈ లోకంలో నా మనసు తెలిసినవాళ్ళు ఇద్దరే అనుకునేదాన్ని.

నేను అడిగినదానికి నువ్వు ఇంకా జవాబు రాయలేదు. నీకు ముందే తెలుసా అని అడిగాను. ఇప్పుడిక రాయక్కర్లేదు, అర్థమైంది. కొన్నాళ్ళు ఇటు రాకు.

ఎస్తర్ రాణి

విశాఖపట్నం,
26 ఫిబ్రవరి 2025
(స్పీడ్ పోస్టు)

అత్తా,

రాయక్కర్లేదన్నావు, అయినా రాస్తున్నాను. నాకు ముందే తెలుసు. మొదటి ఉత్తరం రాసేటప్పుడే తెలుసు. అర్తెమి పేరు రాస్తే నువ్వు చెయ్యవని భయపడి పండుగల కేకు అని సరిపెట్టాను. నువ్వు ఎవరి కోసమని అడిగినప్పుడు, అప్పటికే నమూనా కేకు చేసి పంపేశావు కదా, ఇప్పుడెందుకులే అనుకున్నాను. అంతే. ఇందులో చరిత్ర లేదు, విశాల హృదయం లేదు. నాకు కేకు కావాలి.

నువ్వు తెలిసి చేశావని రాస్తే నీకు గౌరవం అనుకున్నాను. తెలియక చేశానని చెప్పుకోవడంలోనే నీ గౌరవం ఉందని నాకు తట్టలేదు. రొట్టె గురించి నువ్వు రాసింది చదివాను, బాగుందనుకున్నాను, దాటిపోయాను. ఇప్పుడు ఆ పేజీ తీసి చూడాలంటే భయంగా ఉంది.

రావద్దన్నావు గనుక నీ గుమ్మం తొక్కను. చెయ్యాల్సింది మాత్రం చేస్తాను. నన్ను తిట్టు, మాట్లాడటం మానెయ్యకు.

జెన్నీ

నర్సీపట్నం,
4 మార్చి 2025

జెన్నీ తల్లికి,

తిట్టమన్నావు గనుక ముందు తిట్టి మొదలుపెడతాను. ఊరి దాకా వచ్చి, నా వీధి మలుపులో సోడా తాగి, ఇంటికి రాకుండా వెళ్ళిపోతావా? రావద్దంటే మాత్రం నిజంగా రాకుండా ఉంటారా ఎవరైనా? సోడాబండి అప్పలరాజు చెప్పాడు నాకు, 'మీ కోడలు గారు కళ్ళు తుడుసుకుంటా బస్సెక్కినారమ్మా' అని.

నువ్వు శనివారం పొద్దున్న పాస్టరు గారింటికి వెళ్ళిన సంగతి నాకు కరుణకుమారి చెప్పింది. జోసఫ్ రాజు గారిని కూడా పిలిపించమని, ఇద్దరి ముందూ నిలబడి, మా అత్త అడిగింది, నేను దాచాను, ఆ ఉత్తరంలో రాసింది నా కల్పన అని చెప్పావట. కూర్చోమన్నా కూర్చోలేదట. జోసఫ్ రాజు గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, నేను ఆమెని అడిగిన ప్రశ్న అడగకుండా ఉండాల్సింది అన్నారట. ఆ మాట ఆయన నాతో అనలేదు, అనరు కూడా. నాకు అందింది చాలు.

కమిటీ మాట కమిటీ మళ్ళీ కూర్చుంటే గాని మారదు. అందుకని ఈ నెల రొట్టె పాస్టరమ్మదే అయింది. శనివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైతే తీశాను. కరుణకుమారి, చేతిలో గిన్నె, గిన్నెలో పిండి. 'అక్కా, రెండుసార్లు కలిపానండి, రెండుసార్లూ ఇరిగిపోతంది. మీ దగ్గరకి రావడానికి మొహం సెల్లక ఇంతసేపు కూకున్నాను' అంది. ఆ రోజు బ్రెడ్డు తీసుకోకుండా ఎందుకు వెళ్ళిపోయిందో కూడా చెప్పింది. నా మీద అసహ్యంతో అనుకున్నాను గదా, కాదట. తను రెండు ముక్కలు తిన్నది, ఒకటి పాస్టరు గారికి పెట్టింది, ఆ సంగతి నేను ఎక్కడ ఎత్తుతానోనని సిగ్గుపడి పోయిందట. నేను తన ముఖం తప్పించుకుని, తను నా ముఖం తప్పించుకుని ఇన్నాళ్ళు తిరిగాం చూడు.

పిండి పిసికి ఇవ్వమని అడిగింది. ఎవరికి తెలుస్తుందండీ అంది. నా చేతులు ఎంత లాగాయో నీకెలా చెప్పను. నేను ముట్టుకోలేదు. కమిటీ నీ చేతికిచ్చింది, నీ చేతే చెయ్యాలి అన్నాను. పీట వేసి కూర్చోబెట్టి, నేను ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలని, నూనె చివర్న వెయ్యాలని, మడిచి మళ్ళీ మడవాలని నోటితో చెప్పాను. మా అత్తగారు నాకు ఒక్కమాట చెప్పకుండా చేసి చూపించింది, నేను ఒక్క వేలు పెట్టకుండా మాటలతో చెప్పాను. ఆవిడ పెనం మాత్రం తీసిచ్చాను. మా ఓవెన్ జోలికి పోలేదు, పొయ్యి మీదే కాల్చాం. కరుణకుమారి ఉప్పు రెండుసార్లు వేసింది. చూస్తూనే ఉన్నాను, చెప్పేలోపే పడిపోయింది. పారబొయ్యడానికి టైం లేదు.

ఆదివారం వెనక బెంచీలో కూర్చున్నాను. ముందుకి వెళ్ళకూడదనే అనుకున్నాను. మీ మావయ్య నా మోచెయ్యి పట్టుకుని లేపాడు. వెళ్ళి మోకరించాను. పాస్టరు గారు రొట్టె విరిచి నా చేతిలో పెట్టారు. ఉప్పగా ఉంది, ఒక అంచు మాడింది.

జెన్నీ, ఇన్నేళ్ళూ ఆ బల్ల దగ్గర రొట్టె నోట్లో పెట్టుకున్నప్పుడల్లా నేను కాలిందా లేదా చూసుకున్నాను. ఉప్పు సరిపోయిందా, మెత్తగా ఉందా, ఎవరైనా ముఖం చిట్లిస్తున్నారా అని పక్కవాళ్ళని ఓరకంట చూసేదాన్ని. నా చేతిపని గురించే నా ధ్యాస. ఈ ఆదివారం చూసుకోవడానికి నాకేమీ లేదు. మొదటిసారి తిన్నాను. అక్కడే ఏడ్చాను, ముక్కు చీదుకునేంత ఏడ్చాను, మీ మావయ్య తువ్వాలు పాడైంది.

ఆరాధన అయ్యాక జోసఫ్ రాజు గారు వరండాలో ఎదురొచ్చి, ఏప్రిల్ నుంచి రొట్టె మళ్ళీ మీరే చెయ్యాలమ్మా, కమిటీలో నేనే పెడతాను అన్నారు. నెల కిందట ఆ మాట కోసం ఆయన కాళ్ళు పట్టుకుందును. నేను చెయ్యనండీ, చేయించి తెస్తాను అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఇంటికి వచ్చి మీ మావయ్యకి చెప్తే ఆయనకీ అర్థం కాలేదు.

ఏప్రిల్ అయిదో తారీకు శనివారం. మొదటి బస్సుకి బయలుదేరు, తలమీదికి ముసుగు తెచ్చుకో. పిండి నువ్వు పిసుకుదువు గాని. నేను ఎదురుగా కూర్చుంటాను.

మీ అత్త